క్యాసెట్టులో తుఫాను

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, క్లాసులో రేడియో మోగుతున్నంతసేపూ నేనెక్కడ నిలబడాలో నాకు తెలిసేది కాదు. బల్ల పక్కన నిలబడితే రేడియోకి కాపలా కాస్తున్నట్టుండేది. పిల్లల వెనక నిలబడితే కాపీలు పట్టుకోవడానికి వచ్చినట్టుండేది. పోనీ అని కుర్చీలో కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియక సుద్దముక్క అరచేతిలో నలిపేసి, ఆ పిండి చీరకి రాసుకుని, సాయంత్రం ఇంటికెళ్లాక అమ్మచేత తిట్లు తినేదాన్ని.

ఎనభైల మొదటి రోజులు. స్టీలు ప్లాంటు ఇంకా కడుతూనే ఉన్నారు. కూర్మన్నపాలెం వైపు వెళ్లే బస్సులన్నీ పొద్దున్నే పనివాళ్లతో కిక్కిరిసి ఉండేవి. వాళ్ల మధ్య ఒంటికాలి మీద నిలబడి వెళ్లి, మధ్యలో దిగి, మరో బస్సు పట్టుకుని, ఆఖరి మైలు సరుగుడు తోటల మధ్య ఇసకలో నడిస్తే మా బడి వచ్చేది. యారాడ కొండకి దక్షిణాన, సముద్రం ఒడ్డున, వేటకెళ్లే వాళ్ల పల్లె అది. నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే. మా నాన్న పోర్టులో గుమాస్తా, అన్నయ్య అదే పోర్టులో క్రేను నడిపేవాడు. ఓడలు చూస్తూ పెరిగాను కాబట్టి సముద్రం గురించి నాకు తెలుసనుకునేదాన్ని. ఓడల సముద్రం వేరు, తెప్పల సముద్రం వేరు అని ఆ పల్లెకి వెళ్లేదాకా తెలియలేదు.

బడి అంటే రెండు గదులు. ఒక గదిలో హెడ్మాస్టారు ఒకటి, రెండు తరగతులు చూసేవారు. రెండో గదిలో మూడు, నాలుగు, ఐదు నావి. కరెంటు లేదు. బీరువా ఒకటి ఉండేది. అందులో హాజరు పట్టీలు, సుద్దముక్కల డబ్బా, తెల్లటి అల్లిక గుడ్డ కప్పిన రేడియో. పాఠశాలల కోసం మధ్యాహ్నం పూట వచ్చే రేడియో పాఠాలు పిల్లలకి వినిపించమని పైవాళ్లు ఇచ్చిన సెట్టు. వినిపించినట్టు ఒక రిజిస్టరులో రాయాలి కూడా. హెడ్మాస్టారు రిటైరు కాబోతున్న మనిషి. నేను చేరిన రోజే బీరువా తాళం నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, కొత్తగా ట్రైనింగయి వచ్చేవు, ఇయ్యన్నీ నీకే తెలుస్తాయి. నాకు దాని గొంతంటేనే బెరుకు" అన్నారు.

నాకేం తెలుసు? ట్రైనింగులో మాకు చెప్పింది ఒక్కటే: రాబోయేది యంత్రాల కాలం, రేడియో వచ్చింది, టీవీ వస్తోంది, ఉపాధ్యాయులు మారాలి. ఎలా మారాలో ఎవరూ చెప్పలేదు. నోట్సులో మాత్రం నేను ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను.

రేడియోలో మాట్లాడే ఆవిడ గొంతు చక్కగా ఉండేది. ఒక్క ముక్క కూడా మింగకుండా, పుస్తకం చదివినట్టు మాట్లాడేది. మా పిల్లలు మాట్లాడే తెలుగుకీ ఆవిడ తెలుగుకీ మధ్య నేనే నిలబడి మళ్లీ చెబుదామంటే ఆవిడ ఆగదు కదా. నేను ఒక మాటకి అర్థం చెప్పేలోపు ఆవిడ నాలుగు మాటలు ముందుకి వెళ్లిపోయేది. పాఠం మధ్యలో "పిల్లలూ, మీరు చెప్పండి చూద్దాం" అని అడిగి, మూడు లెక్కపెట్టేంతసేపు ఆగి, "భేష్! సరిగ్గా చెప్పారు" అనేది. మావాళ్లు ఆ మూడు లెక్కల్లోనే తోచినదల్లా అరిచేవాళ్లు. ఒకసారి మన రాష్ట్రంలో పెద్ద నది ఏదని ఆవిడ అడిగితే, ముందు వరసలో కూర్చునే పదేళ్ల పిల్ల గట్టిగా, దగ్గర్లోని వాగు పేరు, "మేఘాద్రిగెడ్డ" అంది. ఆవిడ "భేష్!" అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నేను తప్పని చెబితే ఒప్పుకోదు. "ఆయమ్మ భేష్ అంది కదండి టీచర్? ఇనబడలేదేటి మీకు?" అని నన్నే అడిగింది.

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఆ గొంతుకి చెవులు లేవు అని ఆ పిల్లకి ఎలా చెప్పాలి? చెబితే మరి ఆ గొంతు చెప్పే మిగతావన్నీ ఎందుకు వినాలి? ఆ సాయంత్రం రిజిస్టరులో 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు' అని రాశాను. అబద్ధం కాదు కూడా.

ఇక్కడ మా అన్నయ్య సంగతి చెప్పాలి. ఆ ఏడాదే వాడు ఓడలో పనిచేసే స్నేహితుడి దగ్గర ఒక టూ ఇన్ వన్ కొన్నాడు. రేడియో, టేపు రికార్డరు రెండూ ఒకే పెట్టెలో. ఎర్ర బొత్తామూ పక్క బొత్తామూ కలిపి నొక్కితే రేడియోలో వచ్చేది క్యాసెట్టులోకి ఎక్కిపోయేది. అది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రేడియో ఆవిడని పట్టి క్యాసెట్టులో పెడితే, కావలసిన చోట ఆపచ్చు, మళ్లీ చెప్పించచ్చు. సెలవు రోజుల్లో నేనే, మిగతా మధ్యాహ్నాల్లో ఇంట్లో ఉన్న అమ్మచేత బొత్తాలు నొక్కించి, పాఠాలు పట్టించడం మొదలుపెట్టాను.

"ఏటే, బడిలో పాటలు పెడతావేటి?" అన్నాడు అన్నయ్య, పెట్టె అడిగితే.

"పాటలు కాదు, పాఠాలు."

"పాఠం సెప్పమని కదేటి నీకు జీతం ఇత్తన్నారు? డబ్బా సెప్పీసి, టేపూ సెప్పీసి, మరి నువ్వేటి సేత్తావు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. జవాబు తెలియని ప్రశ్న ఎవరడిగినా నాకు కోపమే, ఇప్పటికీ అంతే. వాడు నవ్వి పెట్టె ఇచ్చాడు. బస్సులో దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తీసుకెళ్లేదాన్ని.

మొదటి నెల బాగానే గడిచింది. ఆవిడని ఆపుతున్నాను, నేను చెబుతున్నాను, మళ్లీ వదులుతున్నాను. నిలబడడానికి నాకొక చోటు దొరికింది, చేతులకి బొత్తాం దొరికింది. హెడ్మాస్టారు గుమ్మం దగ్గరికొచ్చి చూసి, "గట్టిదానివే" అని వెళ్లేవారు. అయినా లోపల ఏదో పీకుతూనే ఉండేది. పిల్లలు పెట్టెని చూస్తున్నారు, నన్ను చూడటం లేదు. నేను బాగా చెబుతున్నానా, బొత్తాలు బాగా నొక్కుతున్నానా? ఎవరిని అడగను?

అప్పుడు దొరికింది తుఫాను పాఠం. తాత, మనవడు మాట్లాడుకుంటారు, వెనకాల గాలి హోరు, సముద్రం మోత. తుఫాను ఎలా పుడుతుందో తాత చెబుతాడు. అన్ని పాఠాల్లోకీ ఇదే మా పిల్లలకి దగ్గరిదని నా సంబరం. నదులూ, కొండలూ, ఎక్కడో ఢిల్లీ కోటలూ కాదు, వీళ్ల సముద్రం గురించి కదా అని. ఇంట్లో పట్టించి, మూడుసార్లు విని, ఎక్కడ ఆపాలో కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాను.

శ్రావణమాసం. పొద్దున్న పది దాటి ఉంటుంది. ఎండ ఫెళ్లున కాస్తోంది. సగం తెప్పలు వేటలో ఉన్నాయి, మిగతావాళ్లు ఒడ్డున సర్దుకుంటున్నారు. నేను పెట్టె బల్ల మీద పెట్టి బొత్తాం నొక్కాను. తాత మాట్లాడాడు, మనవడు అడిగాడు. పిల్లలు కళ్లప్పగించి వింటున్నారు. అంతలో గాలి హోరు ఆగి, పాఠంలో భాగంగానే, ఒక మగ గొంతు వచ్చింది. వార్తలు చదివే గొంతు.

"మత్స్యకారులకు హెచ్చరిక. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం తుఫానుగా మారింది. మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు. వెళ్లినవారు వెంటనే తీరానికి చేరుకోవాలి."

ఆ పదేళ్ల పిల్ల ముందు లేచింది. నా వైపు చూడనైనా చూడలేదు. పలక కింద పడేసి, గుమ్మం దూకి, ఇసకలో పరుగు. దాని వెనక మొత్తం క్లాసు. మూడో తరగతి చిన్నవాళ్లు కూడా. "ఏయ్! కూర్చోండి! ఎక్కడికి?" అని నేను బల్ల గుద్దుతున్నాను. గది ఖాళీ అయిపోయింది. ఖాళీ గదిలో తాత మనవడికి వాయుగుండం గురించి చెప్పుకుంటూ పోతున్నాడు.

నేను బయటికి వచ్చేసరికి పిల్లల కేకలు ఒడ్డుకి చేరిపోయాయి. "గాలొత్తందంట! రేడియో సెప్పింది! బేగి రండ్రోయ్!" ఒకే పాట, అందరి నోటా. ఆడవాళ్లు చేపల తట్టలు దించేసి పరిగెత్తారు. ఇసకదిబ్బ మీద ఒక పొడుగాటి వెదురుగడ పాతి ఉండేది. అది ఎందుకో నేను ఏనాడూ అడగలేదు. ఊరి పెద్దాయన దానికి ఒక ఎర్రచీర కట్టించి ఎత్తించాడు. సముద్రంలో దూరంగా ఉన్న తెప్పలు ఒక్కొక్కటీ ఇటు తిరిగాయి.

నేను ఇసకలో కాళ్లు కూరుకుపోతూ వెళ్లి, "కాదండీ, అది పాఠం, అది పాఠం" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఎవరో ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "అడ్డు తప్పుకో పంతులమ్మా, తెప్పలు లాగాల" అంది. తప్పుకున్నాను. అందరూ ఒడ్డుకి చేరారు. ఒక తెప్ప వాళ్లు మాత్రం వల లాగేంత వ్యవధి లేదని తాడు కోసేసి వచ్చారు. ఆ తెప్ప మా పదేళ్ల పిల్ల తండ్రిది. అతను ఒడ్డున నిలబడి, రొప్పుతూ, కూతుర్ని దగ్గరికి తీసుకుని, "మా గుంటే ముందొచ్చి సెప్పింది" అని అందరికీ చూపించాడు.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఆకాశంలో మబ్బు ముక్క లేదు, వాళ్లందరూ దక్షిణం వైపు చూస్తున్నారు.

హెడ్మాస్టారు నన్ను బడికి తీసుకొచ్చి నీళ్లిచ్చారు. "నీకు తెలీదామ్మా?" అన్నారు. ఎప్పుడో ఒకసారి రేడియో చెప్పిందిట, విన్నవాడు ఒడ్డుకి చెప్పేలోపు ఆలస్యమైపోయిందిట, మనుషులు పోయారుట. అప్పటినుంచి ఊరి కట్టుబాటు. రేడియోలో ఆ మాట ఎవరి చెవిన పడితే వాళ్లు, చేతిలో పని చేతిలోనే వదిలేసి, ఎవరి అనుమతీ అడగకుండా ఒడ్డుకి పరిగెత్తి అరవాలి. మరీ ముఖ్యంగా పిల్లలు, ఎందుకంటే వాళ్ల కాళ్లు చురుకు. పల్లెలో మాటలు నేర్చిన ప్రతి పిల్లకీ ముందు నేర్పేది అదేనట. నేను ఐదో తరగతి పుస్తకం మొత్తం తిరగేసుకుని వచ్చాను గానీ, ఆ ఒక్క పాఠం వాళ్లకి ఇంట్లో ముందే అయిపోయిందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఇప్పుడేం చెయ్యను మాస్టారూ?"

"ఊరుకో. గాలి దారి మళ్లిందనుకుంటారు."

"అబద్ధం కదండీ."

"నిజం చెప్పేవనుకో. రేపు నిజంగా రేడియో చెప్పినప్పుడు, ఇది అసలుదా, పంతులమ్మ పెట్టెలోదా అని ఆగి ఆలోచిస్తారు. ఆ ఆగినసేపట్లో ఏమవుద్దో నువ్వు చెప్పు."

ఆ మాటలో తప్పెక్కడుందో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు వెళ్లేసరికి తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. కట్టుబాటుకి రెండో సగం ఉందని అప్పుడు తెలిసింది. రేడియో వెళ్లొద్దందంటే, మళ్లీ రేడియోయే వెళ్లచ్చనాలి. అందాకా ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. ఊళ్లో ఇంకొక్క ట్రాన్సిస్టరు పెద్దాయన దగ్గర ఉండేది. సెల్లులు అయిపోతాయని వార్తల వేళకే తీసేవాడు. ఇప్పుడు రోజంతా చెవికి ఆనించుకుని అరుగు మీద కూర్చున్నాడు. గాలి ఉందనీ చెప్పదు, పోయిందనీ చెప్పదు. ఎలా చెబుతుంది? పొయ్యిలు వెలగని ఇళ్లు చూసుకుంటూ నేను బడికి వెళ్లాను. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. అంత కడుపుమంట నాకు జీవితంలో మళ్లీ కలగలేదు, అదీ నా మీద నాకే.

మూడో రోజు పొద్దున హెడ్మాస్టారికి చెప్పకుండా పెట్టె పట్టుకుని పెద్దాయన అరుగు దగ్గరికి వెళ్లాను. నలుగురూ చేరారు. చెప్పాను. అర్థం కాలేదు. బొత్తాం నొక్కి వినిపించాను. మొదట రెండు అడుగులు వెనక్కి వేశారు. మళ్లీ వెనక్కి తిప్పి వినిపించాను. అదే గొంతు, అదే మాట.

పెద్దాయన పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ బాబు ఈ మాట ఎప్పుడు సెప్పినాడు పంతులమ్మా?" అన్నాడు.

"పోయిన నెలలో. అదీ ఉత్తుత్తినే. పాఠం కోసం."

"పోయిన్నెల గాలిని కట్టి ఉంచి, ఇప్పుడిప్పినావన్న మాట."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పంతులమ్మని కదా, అనరు. మా పిల్ల తండ్రి మాత్రం వెనక్కి తిరిగి, పక్కనే నిలబడ్డ కూతుర్ని చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. "సూసుకోకుండా ఎందుకు పరిగెట్టినావే!" నాకు పడవలసిన దెబ్బ అది. ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూసింది. నేను అడ్డం వెళ్లి "తప్పు నాదండీ" అంటే, అతను "తవరిదేటుందమ్మా, దీనికే బుద్ధుండాల" అని తెప్ప వైపు వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఆ పిల్ల బడికి రాలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని కొత్త వల అల్లుతున్నారని మిగతావాళ్లు చెప్పారు.

ఆ తరవాత నేను చేసిన పని నాకు అప్పుడు చాలా సబబుగా తోచింది. మళ్లీ ఇలాంటి పొరపాటు జరగకూడదు, నా వల్ల ఇంకే పిల్లా దెబ్బ తినకూడదు. అందుకని పిల్లలకి టేపు అంటే ఏమిటో నేర్పాలి. రోజూ పాఠాలకి ముందు పది నిమిషాలు ఆ తుఫాను ముక్క పెట్టేదాన్ని. మొదటి రోజు సగం మంది లేచి గుమ్మం దాకా వెళ్లారు. వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను. "చూడండి, మళ్లీ అదే మాట. ఇది పట్టి ఉంచిన గొంతు. బయట గాలి లేదు" అని. వారం తరవాత వచ్చిన ఆ పిల్లకి మాత్రం అందరికంటే కష్టమైంది. కూర్చునేది గాని గుమ్మం వైపే చూస్తూ సగం లేచేది. చేతులు కట్టుకోమన్నాను. కట్టుకుంది.

పట్టు గట్టిపడాలని ఇంకో అడుగు కూడా వేశాను. టేపు నడుస్తుండగా నేనే కిటికీ వైపు చూపించి, "అదిగో గాలొస్తోంది, పరిగెట్టండి!" అనేదాన్ని. లేచినవాళ్లు ఓడినట్టు, కూర్చున్నవాళ్లు గెలిచినట్టు. గెలిచినవాళ్లకి చప్పట్లు. పది రోజుల్లో ఒక్కరూ కదలకుండా తయారయ్యారు. ఆ పిల్ల అందరికంటే నిటారుగా కూర్చునేది. హెడ్మాస్టారు సంతోషించారు. నేను ఉద్యోగంలో చేరాక పూర్తిగా నేర్పగలిగిన పాఠం అదొక్కటే. నా సందేహాలు కూడా కొంచెం సర్దుకున్నాయి. యంత్రాన్ని నమ్మకూడదని నేర్పడం కూడా చదువే కదా అనుకున్నాను. సెల్లులు నీరుకారిపోవడంతో టూ ఇన్ వన్ అన్నయ్యకి తిరిగి ఇచ్చేశాను.

దీపావళి వెళ్లింది. రెండు రోజులుగా ముసురు. రేడియో ఏమీ అనలేదు కాబట్టి మగవాళ్లు వేటకి వెళ్లారు. మధ్యాహ్నం బీరువాలోంచి బడి రేడియో తీసి పెట్టాను. భిన్నాల పాఠం. ఆ రోజు పల్లెలో ఎవరికీ ఏమీ కాలేదు, తెప్పలన్నీ ఒడ్డుకి వచ్చాయి. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతి కాదు.

సగం కొబ్బరికాయలో సగం ఎంత అని ఆవిడ అడుగుతుండగా గొంతు తెగింది. గరగరమని చప్పుడు. ఒక మగ గొంతు. "మత్స్యకారులకు హెచ్చరిక."

నా చూపు ముందు టూ ఇన్ వన్ కోసం వెతికింది. అది మా ఇంట్లో ఉంది. మరి ఇది? భిన్నాల పాఠంలో తుఫాను ఎందుకొస్తుంది? మళ్లీ నాటకమా? లెక్కల్లో ఏదైనా కథ కలిపారా? ఆ గొంతు అచ్చం ఆ గొంతులాగే ఉంది. నేను నిలబడి ఆలోచిస్తున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. హెడ్మాస్టారు చెప్పిన ఆగినసేపు అదేనని, ఆగింది పల్లె కాదు నేనేనని, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. గొంతు రెండోసారి చెప్పింది. కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం. రేవులో ఎగరేసిన ప్రమాద సూచిక నంబరు. తుఫాను పాఠంలో నంబరు లేదు.

పిల్లల వైపు తిరిగాను. ఇరవై ఎనిమిది మందీ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందరి మొహాల్లోనూ చిన్న నవ్వు. నా చప్పట్ల కోసం చూస్తున్నారు.

"ఇది టేపేనండి టీచర్" అంది ముందు వరసలో ఆ పిల్ల. "నాను లెగనేదు సూడండి."

"కాదు. నిజం. లేవండి. పరిగెట్టండి!"

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఇంకా గట్టిగా చేతులు కట్టుకున్నారు. నేను ఒకడి జబ్బ పట్టుకుని లేపబోయాను. వాడు ఆటనుకుని నేలకి కరుచుకుపోయాడు. ఆ పిల్ల తండ్రి సముద్రంలో ఉన్నాడు. ఆ పిల్ల కిలకిలా నవ్వుతోంది.

ఇక నేనే పరిగెత్తాను. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. చీర కాళ్లకి చుట్టుకుని ఒకసారి పడ్డాను. వాళ్లు అరిచే అరుపు నోట్లోకి దానంతట అదే వచ్చింది. "గాలొత్తందంట! రేడియో సెప్పింది! బేగి రండ్రోయ్!" చినుకుల్లో ఆడవాళ్లు గుడిసెల్లోంచి తలలు బయటపెట్టి చూశారు గాని కదల్లేదు. పెద్దాయన అరుగు దిగి నా దారికి అడ్డంగా వచ్చాడు.

"ఏ పెట్టెలోది పంతులమ్మా?"

"బడి రేడియో. ఇప్పుడే. టేపు కాదు."

"నిజమేనా?"

"నిజమేననుకుంటున్నాను" అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, పైకి ముసురు వైపు చూసి, "చీర కట్టండర్రా" అని అరిచాడు. గడ మీద చీర లేచింది. తెప్పలు తిరిగాయి. ఒక్కొక్క తెప్పా అలల మీద మునిగి తేలుతూ వస్తుంటే ఆడవాళ్లతో కలిసి నేనూ తాడు పట్టుకుని లాగాను. అరచేతులు చీరుకుపోయాయి. ఆ పిల్ల తండ్రి ఆఖరి మూడు తెప్పల్లో ఒకదానిలో వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. అందరం ఒకేలా తడిసి ఉన్నాం.

తిరిగి బడికి వచ్చేసరికి గంట దాటింది. హెడ్మాస్టారు కూడా ఒడ్డుకే వచ్చేయడంతో పిల్లల దగ్గర పెద్దవాళ్లెవరూ లేరు. రేడియో ఎప్పుడో ఆగిపోయింది. ఇరవై ఎనిమిది మందీ అక్కడే, చేతులు కట్టుకుని, అలాగే ఉన్నారు. నన్ను చూడగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయి ఆగిపోయారు. నా తడిసిన చీర, మోకాలి దగ్గర రక్తం, ఉత్త కాళ్లు ఆ పిల్ల కిందనుంచి పైదాకా చూసింది. నవ్వు మెల్లగా పోయింది.

"మా అయ్య?" అంది.

"వచ్చేశాడమ్మా. ఒడ్డునే ఉన్నాడు. నా కళ్లతో చూశాను."

ఆ పిల్ల నా మాట నమ్మలేదు. లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచలు పట్టుకుని, వర్షంలోంచి కళ్లు చిట్లించుకుని తెప్పలన్నీ ఒక్కొక్కటీ చూసుకుంది. వాళ్ల తెప్ప కనబడ్డాక అప్పుడు ఏడ్చింది.